పాత నాటకశాలకు మరల ప్రాణము



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి నాటకమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామ వేషముతో ఆంధ్రదేశము నెల్ల అలరించి, 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. అట్టి నటుల పేరులను మనము మరువలేదు. కాని వారు నిలిచి పద్యము చదివిన వేదికలేమైనవో విచారించువారు అరుదు. నటుడు పోయినను అతని విద్య శిష్యులయందు నిలువవచ్చును. శాల పాడుపడినచో ఆ శిష్యులు నేర్చుకొను తావే ఉండదు. అందుచే నాటకశాలల రక్షణమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

దీనికి తగిన నిదర్శనము చెన్నపట్టణమున నున్నది. మన పెద్దలకు ఆ పట్టణము పరాయిది కాదు. తెనాలిలో గాని బాపట్లలో గాని రైలెక్కి సెంట్రలు స్టేషనులో దిగినవారు, దాని చెంతనే ఎర్ర ఇటుకల మేడ నొకదానిని చూచియే యుందురు. అదియే విక్టోరియా పబ్లిక్ హాలు. పురజనుల ఉపయోగమునకై ఒక శాల కావలెనని నగర ప్రముఖులు 1882లో సభ చేసి నిశ్చయించిరి. 1883లో దానికి శంకుస్థాపన గావించినవారు విజయనగర ప్రభువులు పూసపాటి ఆనంద గజపతి మహారాజుగారు. చిషోము దొరగారు పటము గీయగా, నంబెరుమాళ్ శెట్టిగారు కట్టించిరి. రాణిగారి పరిపాలన స్వర్ణోత్సవమును పురస్కరించుకొని ఆమె పేరు పెట్టిరి.

తెలుగువారికి ఈ శాలతో గల సంబంధము శంకుస్థాపనతో ముగియలేదు. బళ్ళారి న్యాయవాదులు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1891లో తమ సమాజముతో చెన్నపట్టణము వచ్చి నాటకములాడిరి. వానిని చూచి ముగ్ధులైన పమ్మల్ సంబంధ మొదలియారుగారు మిత్రులతో కూడి ఆ యేడే సుగుణ విలాస సభను నెలకొల్పిరి. ఆ సభవారు చిరకాలము విక్టోరియా హాలులో ప్రదర్శనము లిచ్చిరి. తెలుగువారి ఆట అరవవారి సభకు విత్తనమైనదన్నమాట. 1897లో వివేకానందస్వామి ఇచ్చటనే ఉపన్యసించిరి. 1910లో మచిలీపట్టణమువారైన రఘుపతి వెంకయ్యనాయుడుగారు ఇచ్చటనే బొమ్మలాట యంత్రముతో చలనచిత్రములను చూపిరి. ఒకే కప్పు క్రింద నాటకము, ఉపన్యాసము, చలనచిత్రము మూడును ఆశ్రయము పొందినవి.

ఇంతటి శాలయు తరువాత మూతపడెను. కారణము లేమి? సినిమా వచ్చి జనమును లాగికొన్నదనుట కొంతవరకే నిజము. ఈ శాల స్థలమును మునిసిపాలిటీవారు 1886 మొదలు 99 ఏండ్లకు కౌలున కిచ్చియుండిరి. 1985లో గడువు తీరెను. ఆపైన యాజమాన్యమును గూర్చి ట్రస్టువారికిని కార్పొరేషనువారికిని వివాదము నడచెను. ఇల్లు ఎవరిదో తేలనపుడు వాన నీరు కారుచోట పెంకు మార్చువాడెవడు? వ్యాజ్యము నడచినంతకాలము వాన ఆగదు, చెదలు ఆగవు, గోడ సందున మొలచిన రావిమొక్క వేరు ఆగదు. తుదకు 2023లో చెన్నై కార్పొరేషనువారు దీని పునరుద్ధరణకు పూనుకొనిరి. ప్రదర్శనములకు వేదికయు, భవన చరిత్రను చూపు ప్రదర్శనశాలయు అందు ఉండునట్లు సంకల్పించిరి.

పునరుద్ధరణమనగా వెల్ల వేయుట కాదు. సున్నముతో కట్టిన పాత గోడకు సిమెంటు పూసినచో, లోపలి చెమ్మ వెలికి రాజాలక ఇటుక పొరలు పొరలుగా రాలిపోవును. సున్నపు గోడకు సున్నమే మందు. కప్పునకు కొయ్యయు పెంకును తీసి ఇనుపరేకు వేసినచో ఖర్చు తగ్గునేమో కాని, వాన కురిసిన రాత్రి వెనుక బల్లవానికి పద్యము వినబడదు. మైకు లేని దినములలో నటుని గొంతే కడపటి వరుసకు చేరవలసియుండెను. శాలను బాగుచేయువారు ఈ సంగతి నెరిగి పని చేయవలెను.

అయినను గోడలు బాగుపడినంతమాత్రమున శాలకు ప్రాణము రాదు. దేవాలయము కట్టి ధూపదీపములు మానినట్లగును. నెలకొక్కమారైన దీపము వెలుగవలెను. పండుగనాడు పద్యనాటకము, సెలవులలో పిల్లలకు హార్మోనియము పాఠము, ఒకనాడు హరికథ, మరియొకనాడు పురాణ కాలక్షేపము జరుగుచుండిన చాలును. పెండ్లిండ్లకు అద్దెకిచ్చుట తప్పు కాదు. ఆ సొమ్ములో కొంత ఏటేట మరమ్మతులకై వేరుగా నుంచవలెను. అన్నిటికంటె ముందుగా దస్తావేజు స్పష్టముగా నుండవలెను. చెన్నపట్టణపు శాల మనకు నేర్పు మొదటి పాఠ మిదియే.

కొన్ని గ్రామములలో పాత నాటకశాలలు ధాన్యపు గోదాములైనవి, కొన్ని తాళము పడియున్నవి. వానిలో ఏ ఏట ఏ నాటకమాడిరో, ఎవరు హార్మోనియము వాయించిరో, ఏ పద్యమునకు వన్స్‌మోరు కొట్టిరో చెప్పగలవారు నేడు మీబోటి పెద్దలు మాత్రమే. ఆ సంగతులను ఒక పుస్తకమున వ్రాయించి ఉంచుడు. స్థలపు కాగితములు ఎవరి పెట్టెలోనున్నవో, తాళముచెవి ఎవరి యింటనున్నదో ముందుగా విచారింపుడు. వానకాలము రాకమునుపే ఒక్కమారు తలుపు తీయించి, కప్పు ఎచ్చట కారుచున్నదో చూడుడు.