రోజుకు 15 సెకన్ల పాట

మెటాలికా అనే అమెరికన్ హెవీ మెటల్ బ్యాండు తన తొలి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్'ను 1983 మే నెలలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, మూడు వారాలు కూడా నిండకుండా రికార్డు చేసింది. ఖర్చు సుమారు 15 వేల డాలర్లు. ఎనిమిదేళ్ల తర్వాత అదే బ్యాండు ఐదో ఆల్బమ్‌కు దాదాపు 10 లక్షల డాలర్లయ్యాయి. దాని పేరు కూడా 'మెటాలికా'యే. అట్ట నల్లగా ఉంటుంది కాబట్టి అందరూ 'బ్లాక్ ఆల్బమ్' అంటారు. నిడివి 62 నిమిషాల పైచిలుకు. భాగించి చూడండి, నిమిషానికి దాదాపు 16 వేల డాలర్లు. తొలి ఆల్బమ్ మొత్తానికి పెట్టిన డబ్బు, ఇక్కడ ఒక్క నిమిషానికి చాల్లేదు.

ఆ 10 లక్షల డాలర్లు మన డబ్బుల్లో ఎంత? 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించాక డాలరు 25 రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. ఆ లెక్కన రెండున్నర కోట్లు.

ఇక కాలం లెక్క. 1990 అక్టోబరు నుంచి 1991 జూన్ దాకా, లాస్ ఏంజెలిస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో పని సాగింది. ఎనిమిది నెలలు, అంటే 240 రోజులు అనుకుందాం. చేతికొచ్చినవి 12 పాటలు. రోజుకు 15 సెకన్ల పాట! పోపులో ఆవాలు చిటపటలాడేంత సేపు.

అన్ని నెలలూ ఏం చేశారన్నదే కదా మీ సందేహం? అంతకుముందు బ్యాండులోని నలుగురూ ఎవరి వాయిద్యం వాళ్లు విడిగా రికార్డు చేసుకునేవారు. కొత్త నిర్మాత బాబ్ రాక్ అందరినీ ఒకే గదిలో కలిపి వాయించమన్నాడు. 'ఎంటర్ శాండ్‌మన్' అనే ఈ ఆల్బమ్ పాట ఒక్కటే తీసుకుందాం. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ దాన్ని ఏకబిగిన వాయించలేదు, ముక్కలు ముక్కలుగా వాయించాడు. అలా ఒక్కోసారి వాయించి రికార్డు చేసినదాన్ని టేక్ అంటారు. సుమారు 50 టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి, అతుకు తెలియకుండా కలిపారు. గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒకే రిఫ్‌ను, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరుసను, మూడుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. గోడకు మూడు పూతల సున్నం కొట్టినట్టు.

ఆ తర్వాత మిక్సింగ్. విడివిడిగా ఉన్న శబ్దాల పాళ్లు కుదర్చడం. పులుసులో కారం సరిచేస్తే ఉప్పు తగ్గినట్టనిపిస్తుందే, సరిగ్గా ఆ బాధే. ఈ ఆల్బమ్‌ను మూడుసార్లు మిక్స్ చేశారు.

ఇంత డబ్బు ఎవరిది? సాధారణంగా రికార్డు కంపెనీ ముందు ఇస్తుంది, తర్వాత బ్యాండుకు రావలసిన వాటాలోంచి కోసుకుంటుంది. వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకుని, పంట అమ్మాక తీర్చే రైతుకు ఇది కొత్త సంగతేం కాదు.

పంట బాగానే పండింది. 1991 ఆగస్టు 12న విడుదలైతే, తొలి వారం అమెరికాలో 5,98,000 కాపీలు పోయాయి. వారంలో ఉండేవి 6,04,800 సెకన్లు. రాత్రీ పగలూ తేడా లేకుండా, దాదాపు సెకనుకొకటి చొప్పున అన్నమాట. ఈ అంకెను నమ్మొచ్చా? నమ్మొచ్చు. అంతకుముందు బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక దుకాణాల వాళ్లు చెప్పిన మాట మీదే అమ్మకాల పట్టిక వేసేది. ఆ ఏడాది మే 25 సంచిక నుంచి బార్‌కోడ్ అమ్మకాలు లెక్కలోకి తీసుకుంది.

మరి డబ్బూ కాలమూ పోస్తేనే మంచి మెటల్ సంగీతం వస్తుందా? అదేం కాదు. ఇంగ్లండ్‌కు చెందిన బ్లాక్ సబ్బాత్ బ్యాండు తన మొదటి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో, లండన్‌లో, ఒక్క రోజులో రికార్డు చేసింది. హెవీ మెటల్ అనే ఈ సంగీత శైలి చరిత్ర దాంతోనే మొదలైందని చాలామంది లెక్క. 'ఎంటర్ శాండ్‌మన్' రిఫ్ కూడా స్టూడియోలో పుట్టింది కాదు. బ్యాండులోని మరో గిటారిస్టు కిర్క్ హామెట్‌కు తెల్లవారుజామున మూడింటికి తట్టిందట, పైసా ఖర్చు లేకుండా. నా మట్టుకు నాకు, ఆ లక్షలు కొన్నది నునుపునే, పాటను కాదు.

ఆ నునుపేమిటో తెలియాలంటే ఆ పాటను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఫోను స్పీకరులో ఆ మూడు పూతలూ తెలియవు.