నాటుకోళ్లు: పెరట్లో పది కోళ్లు పెంచుతున్నారా? గూడు, టీకా.. ఈ రెండూ సరిగ్గా లేకుంటే అంతా ఖాళీ!

పల్లెటూళ్లో పెరట్లో నాలుగు కోళ్లు తిరుగుతున్నాయంటే ఆ ఇంటికి అదో చిన్న బ్యాంకు. చుట్టాలొస్తే కూర, పిల్లలకు గుడ్డు, చేతిలో డబ్బుల్లేని రోజు సంతకు తీసుకెళ్తే ఎంతో కొంత ఆసరా. చాలా ఇళ్లలో ఆ డబ్బు ఆడవాళ్ల చేతి డబ్బు. ఇప్పుడు టౌన్లలోనూ ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవాళ్లు కోళ్లు తెచ్చుకుంటున్నారు. అయితే చాలామంది అనుకునేది ఒక్కటే.. 'నాటుకోడి కదా, దానంతట అదే బతికేస్తుంది' అని. తిండి విషయంలో ఇది కొంతవరకు నిజం. గూడు, రోగాల విషయంలో మాత్రం కాదు.

ఏ కోడి తెచ్చుకోవాలి?

గుడ్ల కోసమా, మాంసం కోసమా అన్నది ముందే తేల్చుకోవాలి. మామూలు నాటుకోడి ఏడాదికి 50 నుంచి 60 గుడ్లే పెడుతుంది. కానీ తనే పొదుగుతుంది, పిల్లల్ని తనే సాకుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలను అభివృద్ధి చేసింది. గ్రామప్రియ గుడ్లు బాగా పెడుతుంది. వనరాజా గుడ్లకూ, మాంసానికీ పనికొస్తుంది. కాకపోతే ఇవి పొదుగుకు కూర్చోవడం తక్కువ. అందుకే ఒకటి రెండు నాటు పెట్టలు కూడా ఉంటే మంచిది. పొదిగేసిన గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది.

గూడు ఎలా ఉండాలి?

పగలంతా బయట తిరిగే కోడికి గూడు రాత్రి పడుకోవడానికే. ఒక్కో పెద్ద కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగులు చాలు. అంటే పది కోళ్లకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. దాన్ని నేలకు రెండడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టాలి. వెదురు బద్దలతో సందులు వదిలి అడుగు వేస్తే రెట్ట కిందకు పడిపోతుంది. ఎత్తి ఎరువుగా వాడుకోవచ్చు.

పొడుగు వైపు తూర్పు-పడమరగా పెడితే ఎండ నేరుగా లోపలికి కొట్టదు. పక్కలకు జాలీ కొట్టి గాలి ఆడనివ్వాలి. పొద్దున్నే తలుపు తీయగానే కళ్లు మండేంత వాసన వస్తోందంటే గాలి చాలట్లేదని, శుభ్రం చేయట్లేదని అర్థం. జాలీ కన్నాలు అర అంగుళానికి మించొద్దు. పిల్లి, ముంగిస, పాము ఏది దూరినా ఒక్క రాత్రిలో సగం కోళ్లు పోతాయి. తలుపుకు గట్టి గడియ తప్పనిసరి. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున చీకటి మూలలో గడ్డి పరిచిన బుట్ట పెడితే గుడ్లు అందులోనే పెడతాయి.

పిల్లలకు మొదటి నెలే కీలకం

తల్లి లేని పిల్లలను తెచ్చుకుంటే వెచ్చదనం మనమే ఇవ్వాలి. అట్టపెట్టెలో రెండంగుళాల మందాన వరి ఊక పరిచి పైన బల్బు వేలాడదీయాలి. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి. ఆ తర్వాత వారానికి దాదాపు 3 డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, పిల్లలే చెప్పేస్తాయి. బల్బు కింద గుంపుగా చేరితే చలి. దూరంగా వెళ్లి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అంతా పరుచుకుని తిరుగుతుంటే కరెక్ట్. నీళ్ల మూకుడులో నాలుగు గులకరాళ్లు వేస్తే పిల్లలు అందులో పడి మునగవు.

తిండి, నీళ్లు

పురుగు, గడ్డి, గింజ ఏరుకుని తిన్నా పోషకాలన్నీ అందవు. సాయంత్రం ఓ గుప్పెడు నూకలు, తవుడు వేస్తే కడుపూ నిండుతుంది, గూటికి తిరిగొచ్చే అలవాటూ పడుతుంది. గుడ్డు పెంకు పలచగా వస్తుంటే గవ్వల పొడి కలపాలి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం 'కోళ్లకే కదా' అని వేయొద్దు. బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండాకాలం నీడలో చల్లటి నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఊరికి ఊరే ఖాళీ చేసే కొక్కెర తెగులు

ఆకుపచ్చ విరేచనాలు, నోరు తెరిచి ఆయాసపడటం, మెడ వంకర తిరగడం.. ఇవి కొక్కెర తెగులు, అంటే రాణిఖెత్ వ్యాధి లక్షణాలు. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఒక్కటే దారి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా చుక్క కంట్లో లేదా ముక్కులో వేయాలి. 8 వారాల వయసులో ఆర్2బీ ఇంజెక్షన్ చేయించాలి.

ఇక్కడే ఓ చిక్కుంది. టీకా సీసా సాధారణంగా వంద డోసులు, అంతకు పైనే ఉంటుంది. కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. పది కోళ్ల కోసం సీసా ఎందుకని చాలామంది వదిలేస్తారు. అందుకే వీధిలోని నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయిస్తే ఖర్చూ తగ్గుతుంది, పక్కింటి నుంచి రోగం వచ్చే భయమూ తగ్గుతుంది. సీసాను ఐస్ పెట్టెలోనే తేవాలి. జబ్బు పడ్డ కోడికి టీకా వేయొద్దు. సంతలో కొన్న కొత్త కోడిని రెండు వారాలు విడిగా ఉంచాకే మిగతావాటితో కలపాలి.

కోళ్లు వరుసగా చనిపోతుంటే..

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాలో ఓ చిన్నారి ఇదే వైరస్‌తో ప్రాణాలు కోల్పోయింది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో కోళ్లు వరుసగా చనిపోతే కోసి వండుకోవద్దు, అమ్మొద్దు, కాలువలో పడేయొద్దు. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. పిల్లలను దూరంగా ఉంచి, వెంటనే పశువుల ఆస్పత్రికి లేదా 1962 నంబర్‌కు చెప్పాలి. డాక్టర్ చెప్పాక లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. మామూలు రోజుల్లోనూ పచ్చి మాంసం పిల్లల చేతికి ఇవ్వొద్దు. గుడ్డయినా, మాంసమైనా బాగా ఉడికించాకే తినాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వరుస ఇదీ.. ముందు గూడు కట్టాలి. తర్వాత టీకా ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో కనుక్కోవాలి. ఆ తర్వాతే కోళ్లు తెచ్చుకోవాలి.