పేరిణికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ 1923లో ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో జన్మించారు. కాకతీయుల కాలంలో వెలిగి, తర్వాత మరుగున పడిన పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించడం ఆయన జీవితంలో మహత్తర కృషి.

ఇందుకు ఆయనకు రెండు ఆధారాలు దొరికాయి. ఒకటి, కాకతీయ రాజు గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’. రెండోది, 1213లో అదే రాజు సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి. గ్రంథంలోని లక్షణాలను గుడి శిల్పాల్లోని భంగిమలతో సరిపోల్చి, మృదంగ ధ్వనికి తగిన అడుగులు కూర్చి, పురుషులు చేసే ఈ వీరనృత్యాన్ని తిరిగి రంగస్థలం ఎక్కించారు.

ఆలయ నర్తకీమణుల దగ్గర మిగిలిన సంప్రదాయాన్ని ఆంధ్రనాట్యంగా నిలబెట్టిందీ ఆయనే. 1992లో పద్మశ్రీ అందుకున్న రామకృష్ణ 2011లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన శిష్యపరంపర నేటికీ పేరిణిని నేర్పుతోంది.