మీకు తెలుసా? 52 ముక్కలని తెలియకుండానే...
పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియకుండా పోకర్ నేర్చుకోవడానికి దిగిన అమెరికా రచయిత్రి మరియా కొన్నికోవా, 2018 జనవరిలో బహామాస్‌లో జరిగిన అంతర్జాతీయ టోర్నమెంట్‌ను గెలిచేశారు! పెళ్లి విడిదిలో రమ్మీ చూస్తూ పెరిగిన మనవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు.

ఆ పోటీలో 240 ఎంట్రీలు. ఆమెకు దక్కింది 84,600 డాలర్లు.

ఆట నేర్పింది ఎరిక్ సైడెల్, పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటున్న దిట్ట. ఆయన షరతు ఒక్కటే: మంచి ముక్కలు పడ్డా ఓడిపోయానన్న గోడు తన దగ్గర వెళ్లబోసుకోకూడదు. ఏం ఆలోచించి పందెం పెంచారు, ఎదుటివాళ్ల దగ్గర ఏముందనుకున్నారు, ఎందుకు ముక్కలు పారేశారు అన్నవి చెబితేనే వింటారు. ఓడినా సరైన నిర్ణయమే కావచ్చు, గెలిచినా తప్పు ఆటే కావచ్చు. కొత్తవాళ్లకు మింగుడుపడనిది ఇదే.

అన్నట్టు, ఆమె ఉండే న్యూయార్క్‌లో ఆన్‌లైన్ పోకర్‌కు అనుమతి లేదు. అందుకే చిన్న పందేలతో సాధన చేయడానికి ఆమె హడ్సన్ నది దాటి న్యూజెర్సీ వెళ్లి, అక్కడ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేవారు.