రక్త పరీక్ష నార్మల్... మరి మెడలో గడ్డ?

హైదరాబాద్ కోకాపేట గేటెడ్ కమ్యూనిటీల్లో థైరాయిడ్ పరీక్ష తెలియని ఇల్లు ఉండదు. పొద్దున ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు. పిల్లల మెడలో గడ్డ కనిపించినా అమ్మానాన్నలకు ముందు గుర్తొచ్చేది అదే. ఆ పరీక్షలో చూసే హార్మోన్ టీఎస్‌హెచ్ నార్మల్ అని తేలితే హమ్మయ్య అనుకుంటారు.

చిక్కంతా అక్కడే. గ్రంథి పనితీరు సరిగా ఉందా లేదా అన్నదే ఆ పరీక్ష చెబుతుంది. గడ్డ మంచిదా చెడ్డదా అన్నది చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న పిల్లల్లో చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది.

పెద్దల్లో థైరాయిడ్ గడ్డలు సర్వసాధారణం, పిల్లల్లో అరుదు. కానీ అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో పిల్లల కోసం విడిగా ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పెద్దల గడ్డల్లో 5 నుంచి 10 శాతమే క్యాన్సర్‌గా తేలితే, పిల్లల్లో 22 నుంచి 26 శాతం. దాదాపు నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురికీ అది క్యాన్సర్ కాదన్న మాటా మరవకూడదు.

ఎదిగే వయసులో థైరాయిడ్ గ్రంథి రేడియేషన్‌కు తేలిగ్గా దెబ్బతింటుంది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడి, ఆవుపాలతో పిల్లల ఒంట్లోకి చేరింది. 2005 నాటికి వాళ్లలో 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. అప్పటికి చనిపోయింది 15 మంది. ఈ జబ్బు మెడ బిళ్లలకు, ఒక్కోసారి ఊపిరితిత్తులకు పాకినా, వైద్యం అందితే చాలామంది పిల్లలు బతికి బట్టకడతారు.

మెడలో గడ్డ కనిపిస్తే పిల్లలను తల కాస్త పైకెత్తి గుక్కెడు నీళ్లు మింగమనండి. థైరాయిడ్ గడ్డయితే గుటకతో పాటు పైకి లేచి దిగుతుంది. జలుబుకు దవడ కింద తేలే బిళ్లలు అలా కదలవు. గడ్డ గట్టిగా ఉన్నా, గొంతు బొంగురుపోయినా, గతంలో మెడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా ఆలస్యం పనికిరాదు. ముందు మెడకు అల్ట్రాసౌండ్, అందులో అనుమానం వస్తే సూది పరీక్ష. సూది పొడిస్తే జబ్బు పాకుతుందన్న భయం చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. ఆ భయంతో పరీక్ష మానేయడమే అసలు ప్రమాదం.

అలాగని ఏ లక్షణమూ లేని పిల్లలకు ప్యాకేజీ పేరుతో స్కాన్లు చేయించక్కర్లేదు.

ఆపరేషన్ దాకా వస్తే మాత్రం చేయి తిరిగిన సర్జన్ కావాలి. గొంతు నరం, క్యాల్షియంను అదుపులో ఉంచే గ్రంథులు థైరాయిడ్‌ను ఆనుకునే ఉంటాయి. పంజాగుట్ట నిమ్స్, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే, బంజారాహిల్స్ బసవతారకం ఆసుపత్రుల్లో ఎక్కడికెళ్లినా, ఆ సర్జన్ ఏడాదికి మెడలోని ఇలాంటి గ్రంథుల ఆపరేషన్లు ఎన్ని చేస్తారని మొహమాటం లేకుండా అడగండి. కనీసం 30 ఉండాలన్నది ఆ అమెరికన్ మార్గదర్శకాల మాట.