మీకు తెలుసా? క్లోమాన్ని కాపాడే నొప్పి మందు

వాపును, నొప్పిని తగ్గించే ఇండోమెథాసిన్‌ను ఒక్క మోతాదు మలద్వారం ద్వారా ఇస్తే, ఒక ఎండోస్కోపీ ప్రక్రియ తరువాత రాగల క్లోమశోథ, అంటే పాంక్రియాస్ గ్రంథి వాపు, ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది.

పిత్తనాళంలోని రాళ్లను తీయడానికి నోటి గుండా గొట్టాన్ని పంపి చేసే ఈఆర్‌సీపీ అనే ఆ ప్రక్రియలో క్లోమనాళం గాయపడి ఈ వాపు మొదలుకావచ్చు. 2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనంలో, ముప్పు ఎక్కువగా ఉన్న 602 మందిలో కొందరికి 100 మిల్లీగ్రాముల ఇండోమెథాసిన్, తక్కినవారికి మందు లేని గుళిక ఇవ్వగా, మొదటి వర్గంలో 9.2 శాతం మందికి, రెండవ వర్గంలో 16.9 శాతం మందికి క్లోమశోథ వచ్చింది. ఇదే కోవకు చెందిన సులిండాక్ అరుదుగా క్లోమశోథను కలిగించే మందుగా పేరుపడినది కనుక, ఈ ఫలితం మరింత గమనించదగినది.

అయితే నివారణకు ఇచ్చే ఒక్క మోతాదు వేరు, జబ్బు ముదిరినప్పుడు నొప్పికి పదేపదే వేసుకునే మాత్రలు వేరు. తీవ్రమైన క్లోమశోథలో రక్తనాళాల నుంచి ద్రవం కణజాలంలోకి జారిపోయి మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఆ స్థితిలో వాటి రక్తనాళాలను తెరచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని ఈ మందులు అడ్డుకుంటాయి కాబట్టి, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులకు వైద్యులు వీటిని ఇవ్వరు.