కంచరగాడిదల లద్ది ఎరువు: దాని తగ్గుదల, దాని వినియోగము

ఎరువు లేనిదే సేద్యము సాగదని ప్రతి రైతునకు తెలియును. అయితే ఏ జంతువు ఎరువు ఎంత లభించును, లభించినదానిని ఏ స్థితిలో నేలకు చేర్చవలయును అను విషయములను లెక్కతో ఎరిగినవారు తక్కువ. హైదరాబాదు పడమటి శివారు రైతులకు ఉపయోగపడునట్లు కంచరగాడిద లద్దిని గూర్చి ఈ కరపత్రమున వివరింపబడుచున్నది.

కంచరగాడిద యననేమి?

మగగాడిదకును ఆడుగుఱ్ఱమునకును పుట్టినది కంచరగాడిద. మగగుఱ్ఱమునకును ఆడుగాడిదకును పుట్టు మిశ్రజాతి వేఱొకటి కలదు, అది అరుదు. ఈ రెండును సాధారణముగా సంతానము లేనివి. కావున గుఱ్ఱములు, గాడిదలు తగ్గినచో ఇవియు తగ్గక తప్పదు.

దేశమందలి లెక్క

2012 పశుగణనలో దేశమున కంచరగాడిదలు సుమారు 1.96 లక్షలు. 2019 గణనలో అవి సుమారు 84 వేలు మాత్రమే. అనగా ఏడేండ్లలో నూటికి 57 వంతులు తగ్గినవి. ఇదే కాలమున గాడిదలు 3.2 లక్షలనుండి 1.2 లక్షలకును, గుఱ్ఱములు 6.25 లక్షలనుండి 3.4 లక్షలకును దిగినవి. బరువులు మోయు పని ట్రాక్టర్లకును లారీలకును పోవుట దీనికి ముఖ్యకారణము. ఇప్పుడు కంచరగాడిదలు మిక్కిలిగా ఉత్తర ప్రదేశమందలి ఇటుక బట్టీలలోను, హిమాలయ ప్రాంతపు కొండదారులలోను, సైన్యమునందును కనబడును.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1961 మొదలుకొని ప్రతి దేశమున ఏ జంతువుల ఎరువువలన నేలకు ఎంత నత్రజని చేరుచున్నదో లెక్కగట్టి ప్రకటించుచున్నారు. ఈ లెక్క పొలమున తూచి వ్రాసినది కాదు. జంతువుల సంఖ్యను తలకొక మానముతో హెచ్చించి కట్టినది. కావున జంతువులు తగ్గిన కొలది ఎరువు లెక్కయు తగ్గును.

ఆ మానము ప్రకారము 130 కిలోల కంచరగాడిద ఏడాదికి లద్దిలోను మూత్రములోను కలిపి సుమారు 22 కిలోల నత్రజనిని విసర్జించును. 45 కిలోల యూరియా బస్తాలో నుండు నత్రజని 20.7 కిలోలు. అనగా ఒక కంచరగాడిద ఏడాది విసర్జనము ఇంచుమించు ఒక యూరియా బస్తాకు సమానము. ఇందులో కొంత మూత్రముతో నేలపాలగును; కొంత ఆవిరియై పోవును; దారిపై పడిన లద్ది పొలమునకు చేరనే చేరదు.

హైదరాబాదు పడమటి శివారు స్థితి

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గ్రామముల పొలములు క్రమముగా భవనములైనవి. వానికి పడమట శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతములందు కూరగాయలు, పూలు, ప్రత్తి, మొక్కజొన్న నేటికిని పండుచున్నవి. ఇక్కడ కంచరగాడిద అరుదు. దొరకునది మలక్‌పేట పందెముల మైదానపు సాలలనుండియు, శివారు స్వారీ శిక్షణాలయములనుండియు వచ్చు గుఱ్ఱపు లద్ది. ఈ రెండును గుణమున దాదాపు ఒకటే గనుక వినియోగవిధానమును ఒకటే.

లద్దికిని పేడకును భేదము

పశువు నెమరువేయును, గుఱ్ఱపు జాతి నెమరువేయదు. అందుచే లద్దిలో పీచు ముతకగా మిగులును. కలుపు విత్తనములు అనేకము చావక వచ్చును. లద్ది పొడిగా, గుల్లగా నుండుటచే గాలి చొచ్చి త్వరగా వేడెక్కును. పచ్చి లద్దిని నారుమడికి వేసినచో ఆ వేడికిని అమ్మోనియాకును లేతవేళ్లు మాడును. అదే వేడిని కుప్పలో పట్టి యుంచినచో కలుపు విత్తనములును, పురుగుల గ్రుడ్లును నశించును. కావున ఈ గుణము తెలిసినవానికి మేలు, తెలియనివానికి కీడు.

కుప్ప వేయు విధానము

1. నీరు నిలువని మెరకతావున, నీడలో, 4 లేక 5 అడుగుల ఎత్తు కుప్ప వేయవలయును. అడుగు మందము లద్ది పరచి దానిపై పేడనీరు చల్లి, మరల లద్ది పరుపవలయును.

2. తడి మితముగా నుండవలెను. పిడికిట పట్టి పిండినచో ముద్ద కావలెను గాని నీరు కారరాదు.

3. ఇనుపచువ్వను కుప్ప నడుమకు దింపి కొంతసేపటికి తీయవలయును. చేతితో పట్టజాలనంత వేడిగా నున్నచో కుప్ప సరిగా మాగుచున్నదని గుర్తు.

4. పదునైదు దినములకొకసారి, కనీసము మూడుమారులు, వెలుపలిది లోనికి పోవునట్లు తిరుగవేయవలయును.

5. మూడు నాలుగు నెలలకు వేడి తగ్గి, ఎరువు నల్లనై, పొడిపొడిగా మట్టివాసన నిచ్చును. సాలలో రంపపు పొట్టు పరచియున్నచో ఆరునెలలైనను ఆగవలయును. మాగని పొట్టు నేలలోని నత్రజనిని పట్టుకొనుటచే పైరు పసుపుబారును.

జాగ్రత్తలు

లద్దిలో ధనుర్వాతపు క్రిములు ఉండవచ్చును. చేతికి గాని కాలికి గాని గాయమున్నవారు దానిని తాకరాదు. పనివారందరు ధనుర్వాతపు టీకా వేయించుకొనియుండవలెను. గ్లాండర్స్ మొదలగు రోగములున్న గుఱ్ఱముల లద్దిని ఎంతమాత్రము ఎరువుగా వాడరాదు. పురుగుమందు త్రాగించిన గుఱ్ఱముల లద్దిని వానపాముల తొట్లలో వేయరాదు. బావులకును, ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు చెరువులలోనికి పారు వాగులకును దూరముగా కుప్ప వేయవలయును. వానకు కారు రసము నీటిని చెరచును.

ఎంత వేయవలయును?

ఎకరమునకు మాగిన ఎరువు 4 టన్నులు వేయుట మేలు. తొలకరికి ముందు చల్లి, ఆ దినముననే దున్ని మట్టిలో కలుపవలయును.

450 కిలోల గుఱ్ఱము రోజునకు సుమారు 20 కిలోల లద్ది వేయును. ఏడాదికి 7 టన్నులకు పైన. మాగునప్పుడు సుమారు సగము తగ్గును. అనగా గుఱ్ఱమొకటికి ఇంచుమించు ఒక ఎకరము. 130 కిలోల కంచరగాడిద లద్ది ఇదే చొప్పున పది గుంటలకు చాలును. దేశమందలి 84 వేల కంచరగాడిదల లద్ది యంతయు పోగుచేసినను 21 వేల ఎకరములకు మించి సరిపడదు. 2012లో ఈ లెక్కనే అది 49 వేల ఎకరములకు చాలియుండెడిది.

కావున ఎవరైనను కంచరగాడిద ఎరువు అపూర్వమైనదని చెప్పి హెచ్చు ధర కోరినచో రైతులు మోసపోరాదు. అందలి సారము పశువుల ఎరువునకు అంతగా మించినది కాదు. సాలలనుండి చవుకగా దొరకినదానిని తెచ్చి మాగించి వాడుకొనుట లాభము. కాని పొలమునంతటిని దానిపై ఆధారపరచుట తగదు. 2019 గణనలో దేశమున ఆవుజాతి పశువులు 19 కోట్లకు, గేదెజాతి పశువులు దాదాపు 11 కోట్లకు ఉన్నవి. ఇంటి కొట్టములోని పేడను, మూత్రమును వృథా కానీయక గోతిలో చేర్చు రైతునకు దూరపు లద్ది కొరత బాధింపదు.